మూత తీసి మరిగించిన నీళ్ళు

“ఈ మంచానికి చక్రాలెందుకమ్మా? ఎవరి కాలో తగిలి కదిలిందనుకో, వార్డు గచ్చు చూస్తే అద్దంలా ఉంది, జారుకుంటూ పోయి ఆ మెట్ల దగ్గర ఆగుతుందో ఆగదో! వాడికా ఒంట్లో ఓపిక లేదు, లేచి దూకనైనా దూకలేడు.”

నర్సు సెలైన్ సీసా మారుస్తూ వెనక్కి తిరక్కుండానే, “చక్రాలకి బ్రేకులుంటాయి పెద్దమ్మా,” అంది.

“బ్రేకులు బస్సులకీ ఉంటాయి. అయినా రోజూ పేపర్లో చూడ్డం లేదూ?”

పక్క మంచం దగ్గర కూర్చున్న ముసలావిడ చేత్తో నోరు మూసుకుని నవ్వింది.

మంచం చక్రాలు చూసి హడలిపోయిన ఈవిడ వరసే అంత. వీధిలో అందరూ ఆవిణ్ణి గాభరా పిన్ని అంటారు. మబ్బు పడితే పిడుగు పడిందంటుంది. కుక్క మొరిగితే కరిచిందంటుంది. కొడుకు డ్యూటీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే వాళ్ళనల్లా “దారిలో ఎక్కడైనా జనం గుమిగూడి కనపడ్డారా బాబూ?” అని అడుగుతుంది. ఆవిడ భయపడ్డవన్నీ జరిగి ఉంటే ఆ ఇంట్లో ఈపాటికి పిల్లి కూడా మిగిలేది కాదు. వెయ్యి భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు జరిగింది మాత్రం ఆ వెయ్యిలో లేనిది.

కిందటి వారం ఉన్నట్టుండి ఆవిడ కొడుకు పెద్దాడి కళ్ళు పసుపు పూసినట్టు పచ్చబడ్డాయి. తిన్నది కడుపులో నిలవడం లేదు. అతనిది బేకరీలో రాత్రి డ్యూటీ. తెల్లవారేదాకా రొట్టెల బట్టీ దగ్గర నిలబడి, పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుంటాడు. ఆసుపత్రిలో డాక్టరు కాలేయం దెబ్బతిందని, “తాగుతారా?” అని అడిగాడు. “పడుకోబోయే ముందు కొంచెం,” అన్నాడు పెద్దాడు. అక్కడితో ఆగి ఉంటే కథ మరోలా ఉండేది. గాభరా పిన్ని ముందుకొచ్చి, “కొంచెమేమిటి బాబూ! వీడి మాట నమ్మకండి. పొద్దున్నయ్యేసరికి మా వంటిల్లంతా తియ్యగా ఒకటే కంపు. తల దిమ్మెక్కిపోతుంది,” అంది. డాక్టరు దగ్గర దాస్తే ప్రాణం మీదికొస్తుందని ఆవిడ భయం. డాక్టరు కొడుకు మాట వదిలేసి తల్లి మాట రాసుకున్నాడు.

పెద్దాడు తల్లిని చాలాసేపు చూశాడు. “తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. లోకం అంటే పోనీలే అనుకుంటాను. నువ్వూ అన్నావమ్మా,” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే. అప్పట్నుంచి నర్సుతో మాట్లాడతాడు, ఊడ్చేవాడితో మాట్లాడతాడు. తల్లితో లేదు.

పిల్లల్ని వార్డులోకి రానివ్వరు. అందుకని కోడలు తన పాపని పెట్టుకుని, వంటా నీళ్ళూ చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. మంచం దగ్గర కాపలా తల్లిదే. రోజూ తెల్లవారగానే మాత్రం ఓసారి ఇంటికెళ్ళి గంజి పట్టుకొస్తుంది. కొడుకు మాట్లాడకపోయినా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. దుప్పటి కప్పుకోరా అంది. ఇంత గంజి తాగరా అంది. చివరికి, “పోనీ తిట్టరా, తిట్టడానికైనా నోరు తెరువు,” అంది. గోడకున్న పెచ్చు చూస్తూ పడుకున్నాడు తప్ప ఉలకలేదు, పలకలేదు.

“బాధపడకు వదినా,” అంది పక్క మంచం ముసలావిడ. అది తాగి పాడైనవాళ్ళ వార్డని పేరు పడింది. ఆవిడ మొగుడూ ఆ బాపతే. “మగాళ్ళందరూ కొంచెమే తాగుతారు. మా ఆయన్ని ఎంత తాగావయ్యా అంటే చిటికెనవేలు చూపిస్తాడు. దాన్ని అడ్డంగా కొలుచుకోవాలో నిలువుగా కొలుచుకోవాలో మాత్రం చెప్పడు.”

మామూలప్పుడైతే పిన్నికి నవ్వొచ్చేది. ఇప్పుడు తన కొడుకునీ ఆ వేలికొలతలో కలిపేసినందుకు ఒళ్ళు మండింది. అలా కలిపింది తనే కదా అని గుర్తొచ్చి ఆ మంట కాస్తా లోపలికి దిగింది.

పొద్దున డాక్టరు చెప్పింది ఇంకా చెవుల్లో మోగుతోంది. “మీరు చెప్పినదాన్ని బట్టే వైద్యం చేస్తున్నాం. తాగుడు వల్ల ఇంత తొందరగా ఇలా కావడం నేనెక్కువ చూళ్ళేదు. మూత్రపిండాలు కూడా మొరాయిస్తున్నాయి. ఇంకేమైనా దాస్తే చెప్పండమ్మా. తెలియకుండా మేం గుడ్డిగా మందులేస్తే లాభం లేదు.” దాచడానికి ఆవిడ దగ్గరేముంది? ఉన్నదీ లేనిదీ మొదటిరోజే కక్కేసింది.

మధ్యాహ్నం దాటాక చిన్నది వచ్చింది.

చిన్నది అంటే ఆవిడ కూతురు. వీధి చివర పెద్ద గోడ వెనక రసాయన పరిశోధన కేంద్రం ఉంది. అందులో పనిచేస్తుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. వీధి మొత్తానికి తెల్లకోటు వేసుకున్న పిల్ల అదొక్కతే. తల్లికి ఎంత గర్వమో అంత భయం. గాజుసీసా పగిలి చెయ్యి తెగితే? ఏదైనా పేలితే? ఇన్నాళ్ళూ అన్నయ్యని చూడ్డానికి రాలేదని మొన్నట్నుంచి ఆ గర్వం కాస్తా పళ్ళు కొరుకుతోంది.

“రా తల్లీ రా! దారి గుర్తుందా? అన్నయ్య పోయాక వస్తే సరిపోయేదిగా, ఒకేసారి సెలవు పెట్టుకోవచ్చు.”

“అమ్మా, నెమ్మదిగా. రోజూ సాంపిళ్ళు తియ్యడానికి తిప్పుతున్నారు. వదిలిపెట్టలేదు.”

ఆ పిల్ల కళ్ళకింద నల్లగా చారలు పడ్డాయి. చేతిలో బజారులో కొన్న నీళ్ళ బాటిలు. మంచం కాళ్ళవైపు నిలబడి, “అన్నయ్యా,” అంది. దుప్పటి కింద భుజం కదిలింది గానీ మాట రాలేదు.

“తాగుడు మానమని ఎన్నిసార్లు చెప్పాను,” అంది చిన్నది గొంతు తగ్గించి, తల్లివైపు తిరిగి. “వింటేనా?”

ఆ మాట తను నాలుగురోజుల్నుంచి అంటున్నదే. అయినా కూతురి నోట వినేసరికి పిన్నికి ఎక్కడో చురుక్కుమంది. “ఊరుకోవే. పడుకున్నవాడి చెవులు పడుకోవు.”

చిన్నది స్టూలు లాక్కుని కూర్చుంది. ఏదో అడగాలని, ఎలా అడగాలో తెలియనట్టు బాటిలు మూత తిప్పుతూ ఉంది. కాసేపటికి, “ఇంట్లో నీళ్ళు కాస్తున్నావు కదా? నేను చెప్పినట్టు?” అంది.

ఇది కూడా చెప్పాలి. కొంతకాలం కిందట ఈ పిల్ల ఒకరోజు హడావుడిగా ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా, “అమ్మా, ఇకనుంచి బోరు నీళ్ళు మూత తీసి బాగా మరిగించి తాగండి. ఏమైనా ఉంటే ఎగిరిపోతుంది,” అని చెప్పి, గ్లాసుడు నీళ్ళిస్తే ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. ఏమైనా అంటే ఏమిటని పిన్ని అడగలేదు. కాచి చల్లార్చి తాగమని డాక్టర్లు చెబుతారు, రేడియో చెబుతుంది. దానికి కారణం అడిగేదెవరు?

ఇప్పుడు ఆ మాట అనేసరికి పిన్ని వెన్ను నిటారుగా అయింది. ఈ లోకంలో తను తప్పు చెయ్యలేదని ఒట్టు పెట్టి చెప్పగలిగిన పని అదొక్కటే మిగిలింది.

“నీళ్ళ సంగతి నాకు చెప్పకు. నువ్వు చెప్పినదానికి పదింతలు చేశాను. అందరూ ఒక పొంగు రాగానే దించేస్తారు. నేనలా కాదు. పెద్ద గిన్నె నిండా పోసి, సగానికి సగం ఇగిరేదాకా మరిగిస్తాను. మూత తియ్యమన్నావు, తీశాను. మూత లేకపోతే దుమ్ము పడుతుంది కదా, అందుకని కిటికీ మూసి గడియ పెట్టాను. గాజు పలకకి చీలిక ఉంది, దానికి పాత దుప్పటి అడ్డం కట్టాను. తలుపు కింద సందులోంచి చీమ కూడా రాకుండా గోనెసంచి మడిచి దోపాను. ఇంత శుభ్రంగా మీ ల్యాబులో కూడా చెయ్యరు.”

చిన్నది బాటిలు మూత తిప్పడం ఆపింది. “దుప్పటెందుకు? చీలికకి కాయితం అంటిస్తే సరిపోయేది కదా?”

“వెలుగు పడుతుంది కదే! వాడు పడుకుంటాడు.”

“ఎవరు?”

“ఎవరేమిటి? మీ అన్నయ్య. ముందుగదిలో వీధి గోల. పాప బడికి తయారయ్యే గోల. పగలు పడుకునేవాడికి చీకటిగా, చప్పుడు లేకుండా ఉండేది వంటిల్లేగా. పొయ్యి గట్టు కింద చాప పరుస్తాను. నీళ్ళు కాగుతుంటే కాస్త వెచ్చగా కూడా ఉంటుంది. బట్టీ ముందు నుంచి వచ్చినవాడికి పొద్దుటి చలి పడదు.”

“కింద… నేల మీద?”

“మరి గాల్లో పడుకుంటాడా?”

అని కూతురి మొహం చూసింది పిన్ని. ఈ పిల్ల చిన్నప్పుడు బళ్ళో పలక పగలగొట్టుకొచ్చిన రోజు ఇలాగే ఉండేది. కింది పెదవి లోపలికి పోయి, చెవులు మాత్రం ఎర్రగా.

“ఏమైందే? ఏమైంది? నాకు గుండె దడ మొదలైంది, చెప్పు!”

“అమ్మా, డాక్టరుకి చెప్పావట కదా, వంటిల్లంతా తియ్యటి కంపు అని. ఆ వాసన ఎప్పుడొస్తుంది? అన్నయ్య రాగానేనా? నీళ్ళు పెట్టాకా?”

“వాడు వచ్చేదీ, నేను నీళ్ళు పెట్టేదీ ఒకేసారి. ఎలా చెప్పను? నోరు వాసన చూస్తే ఏమీ ఉండేది కాదు. చొక్కా వాసన చూస్తే పులిసిన పిండి. సీసా ఎక్కడో దాచాడనుకున్నాను. పిండి డబ్బాలో చెయ్యి పెట్టి మోచేతిదాకా వెతికాను. ఇవాళ పొద్దున కూడా వెతికాను.”

“ఇవాళెందుకు?”

“వాసన వచ్చింది కాబట్టి! వాడు లేకపోయినా…”

ఆ మాట సగంలో ఆగిపోయింది. పిన్ని తన నోట్లోంచి వచ్చినదాన్ని తనే చెవితో విన్నది. వాడు లేడు. వాడు ఇక్కడ, ఈ చక్రాల మంచం మీద, ఇన్ని రోజులుగా ఉన్నాడు. ఇవాళ పొద్దున వంటింట్లో గిన్నె మాత్రమే ఉంది. అయినా తియ్యగా అదే వాసన.

“లేవే,” అంది కూతురి రెక్క పట్టుకుని. “బయటికి నడు.”

వరండా చివర చేతులు కడుక్కునే తొట్టి ఉంది. అక్కడ ఎవరూ లేరు. పిన్ని కూతుర్ని గోడకి ఆనించి నిలబెట్టింది.

“ఆ నీళ్ళలో ఏముంది?”

చిన్నది నేల చూసింది. “కార్బన్ టెట్రాక్లోరైడ్.”

“అంటే?”

“ఒక మందు. తాగే మందు కాదు, ల్యాబులో వాడేది. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది, వాసన తియ్యగా ఉంటుంది. మా కేంద్రంలో ఏళ్ళ తరబడి వాడారమ్మా. జిడ్డు కరిగించడానికి అదే, ఒకదాంట్లోంచి ఒకటి విడగొట్టడానికి అదే, గాజుసామాను కడగడానికీ అదే. నిప్పంటుకోదు కదా, అందుకని పెద్దవాళ్ళందరికీ దానిమీద నమ్మకం. పూర్వం మంటలార్పడానికి కూడా చల్లేవారట. వాడేశాక మిగిలింది వెనక గోడ పక్కన కంకర గుంట ఒకటుంది, అందులో పోసేవారు. ఎండకి ఎగిరిపోతుంది అనేవారు.”

“ఎగిరిపోయిందా?”

“పైపైది ఎగిరింది. మిగతాది దిగిపోయింది. అది నీళ్ళకన్నా బరువు. నూనెలా పైకి తేలదు, రాయిలా కిందికి పోతుంది. గుంటకి అటు మా గోడ, ఇటు మన వీధి బోరు.”

పిన్ని తొట్టి అంచు పట్టుకుంది. పంపులోంచి ఒక్కొక్క చుక్క పడుతోంది. ఆ చుక్కల్ని చూసి పంపు గట్టిగా బిగించింది.

“మరి నాకు కాచమని చెప్పావు.”

“కాస్తే పోతుందమ్మా. నీళ్ళకన్నా ముందే మరిగి ఆవిరైపోతుంది. నీళ్ళలోంచి ఎగిరిపోతుంది, అది అబద్ధం కాదు.”

“ఎగిరి ఎక్కడికి పోతుందే?”

“మా ల్యాబులో ఇలాంటివన్నీ అద్దాల తలుపున్న బీరువాలో పెట్టి కాస్తాం. పైన ఫ్యాను లాగేసి గొట్టంలోంచి కప్పు మీదికి పంపేస్తుంది. మేం ఎగిరిపోతుంది అంటే, అలా. నాకు… మన వంటిల్లు గుర్తు రాలేదమ్మా. కిటికీ తీసే ఉంటుందనుకున్నాను. అన్నయ్య అక్కడ పడుకుంటున్నాడని నాకెవరూ చెప్పలేదు. ఆ ఆవిరి గాలికన్నా బరువు. పోయే దారి లేకపోతే నేలమీద పరుచుకుంటుంది. నువ్వు నిలబడి ఉంటావు కాబట్టి నీకు తలనొప్పితో పోయింది.”

“ఎగిరేది బరువుగా ఎలా ఉంటుందే!” అని అరిచింది పిన్ని. అటుగా పోతున్న ఊడ్చేవాడు ఒక్క క్షణం ఆగి చూసి, ఈ వరండాలో ఏడుపులు కొత్త కాదు గనక చీపురు లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

కొడుకు మొహం మీద వెలుగు పడకూడదని దుప్పటి కట్టిన చెయ్యి అది. గడియ బిగించిన చెయ్యి అది. ఒక్క చీమకి కూడా సందు లేకుండా గోనెసంచి దోపి, పొయ్యి మంట పెంచి, కింద పడుకున్నవాడి మీద నుంచి మెల్లిగా అడుగు దాటి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. కన్నతల్లి కాబట్టి అంత జాగ్రత్తగా చేసింది. పగవాడైతే ఎక్కడో ఒకచోట సందు వదిలేసేవాడు.

“తాగొద్దని చెప్పొచ్చుగా,” అంది చివరికి. “ఆ నీళ్ళు ముట్టుకోవద్దు అని ఒక్క ముక్క!”

“ముట్టుకోవద్దంటే ఎందుకని అడుగుతావు. నీకు చెబితే పొద్దుగూకేలోగా వీధంతా తెలుస్తుంది. కాచుకోమంటే ఎవరూ ఎందుకని అడగరు. నీళ్ళ పరీక్షలో తేలినరోజే మా పెద్దసారు అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకునేదాకా బయట మాట రాకూడదన్నారు. జనం గాభరా పడతారన్నారు.”

“గాభరా!”

పిన్ని నవ్వింది. ఆ నవ్వు చూసి చిన్నది భయపడింది.

“నా పేరే అదిగా. మబ్బు చూసి గాభరా, కుక్కని చూసి గాభరా, ఇందాక మంచం చక్రాలు చూసి గాభరా. జన్మంతా పనికిమాలిన భయాలన్నీ పడ్డానే. ఒక్కటంటే ఒక్కటి, పడాల్సిన భయం పడనివ్వలేదు మీరు! అది నాకిచ్చి ఉంటే నేను చూసుకునేదాన్ని కాదూ? బజార్లో తిరిగి, బిందె మోసుకుని, ఎక్కడినించో తెచ్చి పోసేదాన్ని కాదూ? వీధిలో ఇంటింటి తలుపూ కొట్టేదాన్ని కాదూ?”

“అందుకే చెప్పలేదమ్మా.”

ఆ జవాబులో అబద్ధం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

“మరి నువ్వు? నీ బాటిలు నువ్వు కొనుక్కున్నావు.”

చిన్నది ఏడవడం మొదలుపెట్టింది. “అన్నయ్యకి జబ్బు చేసిందని తెలిసినప్పుడు నాకు అనుమానం రాలేదనుకున్నావా? మొదటిరోజే వచ్చింది. కానీ నువ్వే ఫోనులో అన్నావు, తాగి తాగి తెచ్చుకున్నాడు, వంటిల్లంతా అదే కంపు అని. అమ్మే అంటోంది కదా, అయితే తాగుడే అనుకున్నాను. అనుకుంటే… నాకు హాయిగా ఉంది.”

పిన్ని కూతుర్ని కొట్టలేదు. చెయ్యి లేచింది గానీ, కిటికీ గడియ పెట్టింది ఆ చెయ్యేనని గుర్తొచ్చి సగంలోనే దిగిపోయింది.

“నేను నోరు తెరిచి, నువ్వు నోరు మూసి, ఇద్దరం కలిసి వాణ్ణి గోడవైపు తిప్పామే,” అంది. “సరే. ఏడుపు తరవాత ఏడుద్దాం. ఆ డాక్టరు గుడ్డిగా మందులేస్తున్నానని తనే చెప్పాడు. వెళ్ళి చెప్పు.”

చిన్నది కదల్లేదు. “నేను చెబితే ఆయన రాస్తారు. రాస్తే పైకి వెళ్తుంది. ఎవరు చెప్పారో మర్నాటికల్లా మా సారుకి తెలుస్తుంది. అమ్మా, నన్నింక ఎక్కడా ఏ ల్యాబులోనూ అడుగు పెట్టనివ్వరు.”

“ఆ పేరు మళ్ళీ చెప్పు.”

“కార్బన్ టెట్రాక్లోరైడ్.”

“కార్బను… టెట్రా…” పిన్ని నాలుక తడబడింది. “నా నోరు తిరగడం లేదు. తిరిగితే నిన్ను బతిమాలేదాన్ని కాదు, నేనే వెళ్ళేదాన్ని. నేను చెబితే ఆయన నమ్మడు కూడా. నమ్మాల్సిందొకటీ నమ్మకూడనిదొకటీ మొదటిరోజే కలిపి చెప్పేశాను. నీ ఉద్యోగం పోతుంది, నిజమే. పోతే బాధే. నాకూ ఉంటుంది. వాడు పోతే, తాగి పోయాడంటారు. వాడి కూతురు పెద్దయి పెళ్ళీడుకొచ్చినా అదే అంటారు. నేనే అలా అన్నానని కూడా చెప్పుకుంటారు. నువ్వు తెల్లకోటు వేసుకుని ఆ మాట వింటూ ఉంటావా?”

చిన్నది మొహం తుడుచుకుంది. తొట్టి దగ్గరికి వంగి నీళ్ళు పట్టబోయి, ఆగి, బాటిల్లో నీళ్ళతోనే మొహం కడుక్కుంది. తరవాత డాక్టరు గదివైపు నడిచింది.

గది తలుపుకి సగం వరకు అద్దం ఉంది. పిన్ని వరండాలోంచి చూస్తూ నిలబడింది. డాక్టరు మొదట తలెత్తలేదు, రాసుకుంటూనే వింటున్నాడు. తరవాత కలం ఆగింది. తరవాత కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన లేచి నిలబడి ఏదో అడిగాడు, చిన్నది తల ఊపింది. ఇంకేదో అడిగాడు, మళ్ళీ ఊపింది. ఫోను తీశాడు. లోపల మాటలేమీ వినపడలేదు గానీ, ఇన్ని రోజుల్లో ఆ మనిషి అంత వేగంగా కదలడం పిన్ని చూడలేదు.

నర్సులిద్దరు పరుగున వార్డులోకి వెళ్ళారు. వేలాడుతున్న సీసా దించి వేరే సీసా తగిలించారు. రక్తం తీశారు. డాక్టరు పిన్ని దగ్గర ఆగాడు.

“మొదటిరోజే తెలిసి ఉంటే ఈ మందు అప్పుడే పెట్టేవాళ్ళమమ్మా. ఇప్పుడైనా పెడుతున్నాం. ఎంతవరకు లొంగుతుందో ఈ రాత్రి గడిస్తేగానీ చెప్పలేను.” వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. “ఇంకో సంగతి. ఒంట్లో ఈ విషం ఉన్నప్పుడు చుక్క పడినా చాలు, పదింతలు చెడుపు చేస్తుంది. ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. కొంచెమే తాగి ఉంటారు.”

అదేదో ఓదార్పు అనుకుని ఆయన వెళ్ళిపోయాడు.

పిన్ని వచ్చి స్టూలు మీద కూర్చుంది. పక్క మంచం ముసలావిడ ఏదో అడగబోయి, ఆవిడ మొహం చూసి తన మొగుడి దిండు సర్దుకుంది.

“నాన్నా,” అంది పిన్ని. “నువ్వు తాగలేదు.”

గోడవైపు తిరిగిన వీపు అలాగే ఉంది.

“తాగావు, కొంచెం. నువ్వు చెప్పినంతే. ఆ కంపు నీది కాదురా. నా గిన్నెది. నీళ్ళలో విషం ఉంది. నేను కాచాను. కిటికీ మూసి కాచాను, నీకు నిద్ర చెడుతుందని. మీ చెల్లి కాయమందని కాచాను. అది చెప్పినా కిటికీ మూసింది నేను. డాక్టరు ముందు నిన్ను తాగుబోతుని చేసింది నేను. నీ పిండి చొక్కా కూడా వాసన చూశానురా, దొంగలా.”

ఎదుటి కిటికీలోంచి ఎండ జరిగి మంచం కోళ్ళ మీదికి వచ్చింది. కొత్త సీసాలో చుక్కలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. చిన్నది వచ్చి మంచం అవతల నిలబడింది.

“క్షమించమని అడగను. అడిగితే నువ్వు సరేనంటావు, నీ గుణం నాకు తెలుసు. సరేనని అనొద్దు. తిట్టు. ఇంత బతుకూ బతికి కన్నకొడుకు మాట నమ్మలేకపోయిందని తిట్టు. మీ నాన్న ఉంటే ఆయన నమ్మేవాడు. నేను మాత్రం ఎప్పుడూ చెడ్డదాన్నే ముందు నమ్ముతాను. అదే నా రోగం. మాట్లాడరా. ఏదో ఒకటి అను.”

పెద్దాడు అనలేదు. ఊపిరి తీస్తున్నాడు, వదులుతున్నాడు. వార్డులో ఎవరో దగ్గారు. తోపుడుబండి మీద మధ్యాహ్నం మందులు వచ్చాయి, పంచారు, వెళ్ళిపోయాయి. ముసలావిడ కునుకు తీసి లేచింది. పిన్ని చెయ్యి అతని భుజం మీద పెట్టబోయి, పెట్టే హక్కు ఉందో లేదో తెలియక దుప్పటి అంచు మీద ఉంచింది.

చాలాసేపటికి ఆ దుప్పటి కదిలింది. అతను ముందు తల తిప్పాడు, తరవాత భుజం, తరవాత ఒళ్ళంతా, నొప్పికి పళ్ళు బిగించి. పసుపుపచ్చటి కళ్ళు తల్లిమీద నిలిచాయి. వాటిలో కోపం కోసం వెతికింది పిన్ని. కనపడలేదు. కనపడింది భయం. అచ్చం తనది.

“అమ్మా,” అన్నాడు పెద్దాడు, “ఇంట్లో ఇప్పుడు నీళ్ళెవరు కాస్తున్నారు? నేను లేనప్పుడు పాప పడుకునేది నా చాప మీదే.”